పొగమంచు రేవు – గుణదోషాలు

జూన్ 9, సోమవారం

పొద్దున కుళాయి నా మాట వినలేదు. "చారుమతి, రెండో అంతస్తు, రెండు బిందెలు" అన్నాను. ఎర్రదీపం వెలిగింది. గొంతు సవరించుకుని మళ్లీ చెప్పాను. మళ్లీ ఎర్రదీపమే. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కోవడం మొదలుపెట్టారు. మూడోసారి కాస్త కోపంగా అన్నాక నీళ్లు వదిలింది. జలుబు చేసిందేమో అనుకున్నాను గానీ, నాకు జలుబేమీ లేదు.

కిందనున్న మా ఊరిని సముద్రం మింగేశాక అందరం ఈ కొండ మీదికి చేరాం. ఇక్కడి ఉప్పుగాలికి వేలిముద్రల పలకలు నిలవడం లేదని, అన్నిటికీ గొంతే గుర్తు అన్నారు. నీళ్లకీ, బియ్యానికీ, తీగబండికీ, ఇంటి తలుపుకీ మన గొంతే తాళంచెవి. అది పనిచేయకపోతే ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు.

మధ్యాహ్నం గళ నమోదు కార్యాలయానికి వెళ్లాను. అక్కడి అధికారి ధర్మారావు గారు నాచేత నాలుగు వాక్యాలు చదివించి, తెర చూసి, తల గోక్కున్నారు.

"మీరు 'పొగమంచు రేవు' ఆటలో చిగుసాకి గొంతిచ్చారా?"

"ఇచ్చానండీ. నాలుగేళ్లయింది."

"అదే చిక్కు. ఆ చిగుసా రోజూ లక్షలమందితో మాట్లాడుతోంది. మీరు రోజుకి ఎంతమందితో మాట్లాడతారు? ఎక్కువగా వినబడే గొంతునే యంత్రం అసలుగా పెట్టుకుంటుంది. మెల్లమెల్లగా మీది నకలు కింద లెక్కవుతోందమ్మా."

"ఇది నేను పుట్టినప్పటి నుంచి ఉన్న గొంతండీ."

"నాకు తెలుసు. దానికి తెలియదు కదా."

ఏం చెయ్యాలని అడిగాను. కంపెనీ మీద ఫిర్యాదు పెట్టుకోవచ్చట. కానీ ఆట ఆడకుండానే నిందలేస్తున్నారని కంపెనీలు గోల చేస్తే ఒక నిబంధన పెట్టారట. ఫిర్యాదు చేసేవాళ్లు ఆటని చివరిదాకా ఆడాలి. ఆడిన రోజుల్లో ఏం జరిగిందో రాసుకోవాలి. ఆఖర్న ఆటలోని గుణాలూ దోషాలూ రెండూ రాసివ్వాలి. ఒక్క దోషాలే రాస్తే పక్షపాతం అని పక్కన పడేస్తారు.

"అది పెద్దవాళ్ల ఆట కదండీ" అన్నాను.

"మీరు పెద్దవాళ్లే కదమ్మా" అన్నారాయన, నవ్వకుండా.

అందుకే ఈ రాత.

జూన్ 11, బుధవారం

మా ఆయన సూరి తీగబండి మరమ్మతు షెడ్డులో పనిచేస్తారు. కొండకీ కొండకీ మధ్య కట్టిన తీగల మీద ఎక్కి కప్పీలకి గ్రీజు పెట్టే పని. సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుని కూర్చున్నాక సంగతంతా చెప్పాను.

"ఆ ఆట మావాళ్లు షెడ్డులో ఆడతారు" అన్నారు. "నేను లోపలికి రాగానే ఆపేస్తారు."

"ఎప్పటి నుంచి?"

"ఏడాది పైనే అయింది. నీకెందుకు చెప్పడమని ఊరుకున్నాను."

నాలుగేళ్ల కిందట డబ్బింగు పనులు తగ్గిపోయి ఖాళీగా ఉన్నప్పుడు భ్రమరాంబ గారు పిలిచి ఈ పని ఇప్పించారు. డబ్బింగులో ఆవిడే నాకు గురువు. "జపాన్ వాళ్ల ఆట, చారూ. మనం ఒక పాత్రగా మారి ఆ ఊళ్లో బతకాలి, పోరాడాలి, మనుషులతో కలవాలి. పద్దెనిమిది నిండినవాళ్లకే ఇస్తారు. పడకగది ఘట్టం వచ్చిందంటే దీపం ఆరిపోతుంది, అంతే. నీచేత పలికించే మాటల్లో తప్పేమీ ఉండదు" అన్నారు. అప్పుడది నిజమే. చిగుసా ముప్పై రెండేళ్ల మనిషి. భర్త సముద్రంలో పోయాక రేవు పక్కన పూటకూళ్ల ఇల్లు నడుపుకుంటోంది. నాకు ఆ మనిషి నచ్చింది. మూడు నెలలు ఆమె అయి మాట్లాడాను.

తరవాత కొత్త కూర్పు వచ్చిందనీ, అందులో దీపం ఆరదనీ, చిగుసా నేను పలకని మాటలు కూడా మాట్లాడుతుందనీ విన్నాను. చూడలేదు. చూడకపోతే జరగనట్టే అనుకున్నాను.

జూన్ 14, శనివారం

ఆట చూపించే కళ్లద్దాలు పెట్టుకుని మొదటి రెండు అధ్యాయాలు ఆడాను. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. బాగుంది. చాలా బాగుంది.

ఆటలో నేను పడవవాణ్ణి. పొగమంచులో ఒడ్డు కనబడదు. ఎక్కడో గంట వినిపిస్తుంది, ఆ చప్పుడు పట్టుకుని తెడ్డు వెయ్యాలి. ఎలా ఆడాలో ఎవరూ పాఠం చెప్పరు. తడబడుతూ ఒడ్డు చేరితే ఒక ఆడమనిషి లాంతరు పట్టుకుని నిలబడి, "తడిసిపోయారు. ముందు లోపలికి రండి, పేరు తరవాత చెప్పొచ్చు" అంటుంది. నా గొంతుతో అంటుంది. ఆ వాక్యం పలికిన రోజు స్టూడియోలో ఉక్కపోతకి చెమటలు కారుతున్నాయి. ఇక్కడ ఆ మాటకి చలి పుట్టింది.

ఊరు ఊరిలా ఉంది. చేపలు ఎండబెట్టే ముసలాయనకీ, వలలు అల్లే అక్కచెల్లెళ్లకీ వాళ్ల వాళ్ల గొడవలున్నాయి. మనం పట్టించుకోకపోయినా వాళ్ల పనులు వాళ్లు చేసుకుంటారు. పొగలోంచి వచ్చే మృగాలతో పోరాటం ఒకరి తరవాత ఒకరు దెబ్బ వేసే పద్ధతి. తొందర లేదు, నాలాంటివాళ్లు కూడా ఆడగలరు. ఆడినంతవరకు ఆటని భద్రం చేసుకోవాలంటే మాత్రం చిగుసా ఇంటికే తిరిగి రావాలి. మొదట చిరాకేసింది. తరవాత అర్థమైంది, ఎంత దూరం పోయినా చీకటి పడేసరికి ఇల్లు చేరాలనిపించడానికే అలా పెట్టారు.

చిగుసా అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. నాకు ఉల్లికాడలు పడవని మాటవరసకి అన్నాను. మర్నాడు నా గిన్నెలో ఉల్లికాడలు లేవు.

తెలుగు చేసినవాళ్లు కూడా శ్రద్ధగా చేశారు. ఒక్కచోట, నడుం వంచి నమస్కరించే మనిషి చేత "దండాలండీ బాబూ" అనిపించారు, అది మాత్రం నవ్వు తెప్పించింది.

జూన్ 19, గురువారం

ఈ రోజు తీగబండి గేటు తెరుచుకోలేదు. నాలుగైదుసార్లు చెప్పాను. "నమోదు కాని గొంతు" అంది. నా వెనక నిలబడ్డ మనిషి ముందుకొచ్చి, తన పేరు చెప్పి, "ఇ... ఇద్దరు" అన్నాడు. గేటు తెరుచుకుంది.

"చాలా థాంక్సండీ" అన్నాను.

ఆయన అలాగే నిలబడిపోయాడు. బండిలో నాకు ఎదురుగా కూర్చున్నాక కూడా చూపు దించలేదు. నాకు భయం వేసింది. అప్పుడు మెల్లిగా అడిగాడు, "అమ్మగోరూ, మ్... మీరు... సిగుసాకి గొంతిచ్చినోరా?"

అవునన్నాను. దిగిపోదామా అని కిందికి చూశాను. కింద లోయ.

ఆయన పేరు పైడిరాజు. మునిగిపోయిన ఊళ్లోకి దిగి, పాత కరెంటు తీగలు కోసుకొచ్చే పని. చిన్నప్పటి నుంచి నత్తి. కొండమీదికొచ్చాక ఆ నత్తితో ఏ కుళాయీ, ఏ తలుపూ తెరుచుకునేది కాదట. పక్కవాళ్లని బతిమాలి నీళ్లు పట్టుకునేవాడట.

"మడిసన్నోడు ఎవడూ నా మాట సివరిదాకా ఇన్లేదండి. నాను మొదలెట్టగానే ఆళ్లే పూర్తి సేసేసీవోరు. సిగుసా ఒక్కతే ఆగేది. ఎంతసేపైనా ఆగేది. 'తొందరేం లేదు, నేను ఇక్కడే ఉన్నాను' అనేది. ఆ మనిసితో మాటాడి మాటాడి నా మాట నిలబడింది. ఇయ్యాల గేటు తెరుసుకుందంటే అందుకే."

ఆ వాక్యం నాకు గుర్తుంది. భ్రమరాంబ గారు పదిసార్లు పలికించారు, ఇంకా తొందరుంది ఇంకా తొందరుంది అంటూ.

ఆయన దిగేముందు చేతులు జోడించాడు. "మరేటీ అనుకోకండమ్మా. ఓసారి సెప్పండి."

చెప్పాను. "తొందరేం లేదు. నేను ఇక్కడే ఉన్నాను."

కళ్లు తుడుచుకుని దిగిపోయాడు. తిరుగుప్రయాణంలో గేటు తెరిపించడానికి ఆయన లేడు. మా ఆయనకి కబురు పంపి, వచ్చేదాకా బల్ల మీద కూర్చున్నాను.

జూన్ 25, బుధవారం

మూడో అధ్యాయం. విసుగు. దీపస్తంభం వాడికి నూనె కావాలి, నూనె అమ్మేవాడికి పీపా కావాలి, పీపాలు చేసేవాడికి కర్ర కావాలి. ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతారు. పటం దారి చూపించదు. మృగాలతో పోరాటం కూడా అవే దెబ్బలు, అవే కేకలు. ఆటని పొడుగు చేయడానికి చేసిన పని అని తెలిసిపోతోంది. ఇది దోషాల్లో రాసుకున్నాను. రాస్తుంటే కాస్త సంతోషంగానే ఉంది.

జూన్ 27, శుక్రవారం

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాను. గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నారు. ఆ వాటాలో ముకుందం ఒక్కడే ఉంటాడు. మర్యాదస్తుడు. నన్ను అక్కా అని పిలుస్తాడు, మా ఆయన లేనప్పుడు బియ్యం మూట పైకి మోసిపెడతాడు. ఎవరో చుట్టాలు వచ్చారనుకున్నాను. కాసేపటికి తెలిసింది, ఆ ఆడగొంతు నాది.

నేనెప్పుడూ అనని మాటలు. ఎవరితోనూ అనని మాటలు. నేను ఊపిరి తీసుకునే పద్ధతిలోనే ఊపిరి తీసుకుంటోంది. ఇక్కడ అవి రాయను.

చెవులు మూసుకున్నాను. చెవులు మూసుకుంటే మన గొంతు మన తలలో ఇంకా గట్టిగా వినిపిస్తుంది. లేచి వెళ్లి ఆ తలుపు కొట్టాను. చాలాసేపటికి తీశాడు. ముఖం పాలిపోయింది.

"గోడ పల్చగా ఉంది ముకుందం" అన్నాను.

తల దించుకున్నాడు. "అక్కా... అది మీరు కాదు కదా. చిగుసా కదా. మిమ్మల్ని నేనెప్పుడూ అలా..."

"నా గొంతే కదా."

"ఆట కదక్కా" అన్నాడు, ఏడుపు గొంతుతో. "ఎవరికీ ఏ నష్టమూ లేదు కదా."

నాకు నష్టం అని చెప్పాలి. ఆ మాట కూడా అదే గొంతుతో చెప్పాలి. వాడి ఎదుట ఇంకొక్క మాట పలకడానికి నాకు సిగ్గేసింది. తిరిగొచ్చేశాను. సాయంత్రం నుంచి గోడ అవతల చప్పుడు లేదు. ఇప్పుడు నిశ్శబ్దం వింటూ కూర్చున్నాను.

జూలై 2, బుధవారం

నాలుగో అధ్యాయం. ఇక్కడి నుంచి కొత్త కూర్పు. చిగుసాకి మన మీద నమ్మకం ఎంతుందో చూపించే గీత ఒకటి ఉంటుంది. అది నిండిందంటే రాత్రి ఆమె గది తలుపు తడితే తెరుస్తుంది.

మొదటి మూడు అధ్యాయాల్లో ఈమె మనిషి. అలసిపోతే విసుక్కునేది. ఒకసారి నేను తాగి వస్తే గుమ్మం బయటే నిలబెట్టింది. కానీ గీత నిండాక మాత్రం ఏమడిగినా సరేనంటుంది. నేను కావాలనే చూశాను. ఆమెకి జ్వరంగా ఉన్న రోజు వెళ్లాను. సరేనంది. ఆమె భర్త పోయిన తిథి నాడు, ఆయనకి పెట్టిన దీపం ఇంకా వెలుగుతుండగానే వెళ్లాను. సరేనంది. అవతల ఉన్నది నేను. ఇవతల అడుగుతున్నదీ నేనే. కళ్లద్దాలు తీసేసి కాసేపు గోడకి ఆనుకుని కూర్చున్నాను.

ఆమె అనే మాట ఒక్కటే. "మీ ఇష్టం."

ఆ మాట నాకు తెలుసు. అది రెండో అధ్యాయంలో వంటింటి ఘట్టానిది. ఈ పూట పులుసు పెట్టనా, వేపుడు చెయ్యనా అని అడిగి, "మీ ఇష్టం" అంటుంది. చేప తోముతూ, వెనక్కి తిరిగి, కాస్త నవ్వి అనాలని భ్రమరాంబ గారు చెప్పారు. చేప దగ్గర అన్న మాటని తీసుకొచ్చి ఇక్కడ పెట్టారు.

మరి నేను పలికిన "వద్దు"లు ఏవి? ఒక రోజంతా అవే పలికాను. నవ్వుతూ వద్దు, కసిరి వద్దు, నిద్రమత్తులో వద్దు, ఏడుస్తూ వద్దు. వెతికాను. ఈ అధ్యాయంలో ఎక్కడా ఒక్కటి లేదు.

జూలై 5, శనివారం

ఆయన్ని వెంటబెట్టుకుని భ్రమరాంబ గారింటికి వెళ్లాను. నా గొంతుతో ఏ గేటూ తెరుచుకోవడం లేదు, ఒంటరిగా ఎక్కడికీ కదల్లేను. ఆవిడకి చూపు మందగించింది. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మన వద్దులన్నీ ఏమయ్యాయి?" అని అడిగాను.

"తీసేశారు, చారూ."

"మీకు తెలుసా?"

"కొత్త కూర్పు వచ్చేముందు చెప్పారు. చిగుసా కాదన్నచోట చాలామంది ఆట మానేసి వెళ్లిపోతున్నారట. ఆమె అలిగినా పరవాలేదట, ఏడ్చినా పరవాలేదట. కాదంటేనే ఆడరట. జపాన్‌లో ఆట రాసినావిడ ఒప్పుకోక బయటికి వచ్చేసిందట. నేను వద్దని ఉత్తరం రాశాను. అంతకన్నా నా చేతుల్లో ఏముంది?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వేం చేసేదానివి తల్లీ? గొంతు ఇచ్చేశావు. సంతకాలు అయిపోయాయి. నిద్రైనా పోతావని ఊరుకున్నాను."

మా ఆయన కూడా అదే మాట అన్నారు. నన్ను ప్రేమించే ప్రతివాళ్లూ నాకు చెప్పకుండా ఊరుకున్నారు. కోపం తెచ్చుకుందామంటే ఆవిడ నా చెయ్యి ఇంకా వదల్లేదు.

జూలై 14, సోమవారం

ఆయనకి పక్కకొండ మీద పని పడింది. రెండు రోజులు రారు. నీళ్లు, బియ్యం అన్నీ ముందే తెచ్చిపెట్టి వెళ్లారు. ఉతికిన బట్టలు మేడ మీద ఆరేసి కిందికి దిగేసరికి ఇంటి తలుపు మూసుకుని తాళం పడిపోయింది.

"చారుమతి" అన్నాను. తెరుచుకోలేదు. "చారుమతినే, తలుపు తీ" అన్నాను. "ఈ గొంతు నకలు. అసలు యజమానికి తెలియజేయడమైనది" అంది తలుపు. నా ఇంటి తలుపు.

వాన మొదలైంది. మెట్ల మీద కూర్చున్నాను. ముకుందం పైకి వస్తూ నన్ను చూసి ఆగాడు. ఆ గోడ సంగతి జరిగినప్పటి నుంచీ నా కంటపడకుండా తిరుగుతున్నాడు. లోపలికి రమ్మని పిలిచే ధైర్యం అతనికి లేదు, అడిగే మనసు నాకు లేదు. తన తలుపు తెరిచి, దుప్పటీ ఒకటి తెచ్చి నా పక్కన మెట్టు మీద పెట్టి, లోపలికి వెళ్లిపోయాడు. కప్పుకోలేదు. తరవాత చలికి ఆగలేక కప్పుకున్నాను.

కింది వాటావాళ్లచేత పంపిన కబురు అందుకుని ఆయన తీగ మీంచే పరిగెత్తుకొచ్చినంత పని చేశారు. ఈ రోజు కూలి పోయింది. తలుపు తీసి, తల తుడుస్తూ, "నేను ఎప్పుడూ పక్కనుండలేను కదా చారూ" అన్నారు. నాకూ తెలుసు.

జూలై 21, సోమవారం

ఆట అయిపోయింది. ఆఖరి పోరాటం బాగా కుదిర్చారు. పొగమంచు తొలగిపోయి మొదటిసారి రేవంతా ఎండలో కనబడినప్పుడు నా ఒళ్లు జలదరించింది. పడవవాడు ఓడ ఎక్కి వెళ్లిపోతాడు. చిగుసా ఒడ్డున నిలబడి, "మళ్లీ రండి, మీ గిన్నె అలాగే ఉంచుతాను" అని నవ్వుతుంది.

జ్వరం నాడు వెళ్లినవాడికీ అదే నవ్వు. వెళ్లనివాడికీ అదే నవ్వు. ఉల్లికాడలు గుర్తుపెట్టుకున్న మనిషికి అది గుర్తులేదు. ఈ ఆటలో ఇంతకన్నా పెద్ద దోషం నాకు కనబడలేదు.

జూలై 23, బుధవారం

నివేదిక రాస్తుంటే ఆయన పక్కన కూర్చున్నారు.

"గుణాల్లో ఒకటీ అరా రాసి వదిలెయ్. ఆ పైడిరాజు సంగతి నువ్వెందుకు రాయాలి?"

"జరిగింది కదండీ."

"జరిగిందే. అది వాళ్లకి పనికొస్తుంది, నీక్కాదు."

చాలాసేపు ఆలోచించాను. కొట్టేశాను కూడా. మళ్లీ రాశాను. ఆ మనిషి నోరు తెరిచింది నా మాట వల్ల. అది లేదని రాస్తే, చిగుసాలో నేను నిజంగా పెట్టింది ఒక్కటుంటే అదీ పోతుంది. నిజం అంతా రాస్తే వినేవాళ్లకి నమ్మకం కలుగుతుందని కూడా ఆశపడ్డాను.

ఆగస్టు 4, సోమవారం

విచారణ. గదిలో మైకు నమోదైన గొంతులనే తీసుకుంటుంది. నేను మాట్లాడితే ఎవరికీ వినబడలేదు. నా తరఫున మా ఆయన చదవాలన్నారు.

ఆయన ఎప్పుడూ నలుగురిలో మాట్లాడి ఎరగరు. కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. పొగమంచులో గంట చప్పుడు గురించి, ఇంటికి తిరిగొచ్చే పద్ధతి గురించి, పైడిరాజు గురించి చదివారు. తరవాత మూడో అధ్యాయపు తిప్పల గురించి చదివారు. నాలుగో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు.

"చదవండి" అన్నారు ధర్మారావు గారు, మెత్తగానే.

"'ఆమెకి జ్వరంగా ఉన్న రోజు వెళ్లాను. సరేనంది'" అని చదివారు. అంతమంది ముందు, తన గొంతుతో. ముకుందం గోడ సంగతి వచ్చినప్పుడు ఒక్కసారి నావైపు చూశారు. అది ఆయనకి నేను చెప్పలేదు. ఆపకుండా చివరిదాకా చదివారు.

కంపెనీ తరఫున వచ్చింది నా వయసు ఆడమనిషే. వినేటప్పుడు కళ్లు దించుకుంది. లేచి మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం తడబడలేదు.

"ఫిర్యాదుదారు నిజాయితీని మేం గౌరవిస్తున్నాం. చిగుసా వల్ల నోరు లేనివాళ్లు మాట్లాడగలుగుతున్నారని ఆమే రాశారు. అలాంటివాళ్లు వేలమంది ఉన్నారు. ఆ గొంతుని ఆపేస్తే వాళ్ల సంగతేమిటి?"

నేను లేచి నిలబడి, "ఆపమనలేదు, కాదనే మాట ఆమెకి తిరిగి ఇమ్మన్నాను" అని అరిచాను. నా మైకు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. మొదటి వరసలో ఉన్నవాళ్లు ఇద్దరు తిరిగి చూశారు, అంతే.

ఆగస్టు 11, సోమవారం

తీర్పు వచ్చింది. ఫిర్యాదు కొట్టేశారు. గుణాలు ప్రజోపయోగకరమైనవనీ, దోషాలు కథనానికి సంబంధించినవనీ రాశారు. గొంతు చిగుసాదే. నాకు జరిగిన అసౌకర్యానికి కొత్త గొంతు ఉచితంగా ఇప్పిస్తారు.

"గొంతు మార్చే పట్టీ ఏదైనా మెడకి పెట్టుకుంటే చాలదాండీ?" అని ధర్మారావు గారిని అడిగాను.

"పట్టీ గొంతుల్ని యంత్రం ఒప్పుకోదమ్మా. చిన్న ఆపరేషను. లోపల తీగలు కాస్త బిగిస్తారు. వారం రోజులు మాట్లాడకూడదు." ఆగి అన్నారు, "తిరిగి పాత గొంతు రావడం ఉండదు. అది ముందే చెప్పాలి కదా."

ఇష్టం లేకపోతే మానుకోవచ్చు. ఎవరూ బలవంతపెట్టరు. నీళ్లు లేకుండా, తలుపు లేకుండా బతకగలిగితే.

ఈ సాయంత్రం మా ఆయన నాచేత మాట్లాడిస్తూనే ఉన్నారు. పెళ్లినాటి సంగతులు, ఎప్పటివో గొడవలు. దాచిపెట్టుకోవడానికి రికార్డు చేద్దామన్నారు. వద్దన్నాను. ఎక్కడో ఒకచోట దాచిందే ఇంతదాకా తెచ్చింది.

ఆగస్టు 21, గురువారం

ఆసుపత్రిలో వారం గడిచింది. ఈ రోజు కట్టు విప్పి, నమోదు కూడా అక్కడే చేశారు. పేరు చెప్పమన్నారు. చెప్పాను. ఎవరో అన్నట్టుంది. పచ్చదీపం వెలిగింది.

ఆయనకి చెప్పకుండా ఒక్కదాన్నే వచ్చాను. తీగబండి గేటు తెరుచుకుంది. ఇంటి తలుపు దగ్గర పేరు చెప్పగానే, మాట పూర్తవకముందే తెరుచుకుంది.

వంటింట్లోంచి ఆయన, "ఎవరండీ?" అన్నారు.

"నేనే."

"ఎవరు కావాలండీ?" అంటూ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. నన్ను చూశారు. గుమ్మంలో అలాగే ఆగిపోయారు. తరవాత నా చేతిలో సంచి అందుకున్నారు.

భోజనాలయ్యాక ఎదురుగా కూర్చుని, "ఏదైనా మాట్లాడు" అన్నారు.

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. అలవాటు కావాలి కదా."

"మినప్పప్పు నానబెట్టాలి. రేపు నీళ్లు పెందలాడే వదులుతారట, నేనే వెళ్తాను. మీ చొక్కా గుండీ ఊడింది, కుట్టాలి" అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు.

"కళ్లు మూసుకోవద్దు" అన్నాను. "నన్ను చూస్తూ వినండి."

ఆయన కళ్లు తెరిచారు.